కీర్తనకారుడు విలియం కూపర్

ఆంగ్ల కవి విలియం కూపర్ గారు 1731లో జన్మించిరి. మిక్కిలి బిడియస్థులు. 1763లో ప్రభువుల సభలో గుమాస్తా పదవికై అందరి యెదుట పరీక్ష నియ్యవలసి రాగా, ఆ భయమునకు మతి చెదరి ప్రాణము తీసికొనబోయిరి. బిడియము వేరు, వ్యాధి వేరు. వ్యాధి ఆయనను కడవరకు బాధించెను. బిడియముతో మాత్రము ఆయన పోరాడుట మానిరి. లండను ఉద్యోగముల ఆశ విడిచి, ఓల్నీ అను చిన్న ఊరిలో తోటపని, మూడు కుందేళ్లు, స్నేహితులకు ఉత్తరములు, వీటితో దినములు గడిపిరి. సాక్ష్యము చెప్పుడని వెనుక బల్లవారిని తొందరపెట్టు మనము ఇచ్చట కొంత ఆగవలెను. అచ్చటి పాదిరి జాన్ న్యూటన్ గారు ఆయనను కీర్తనలు వ్రాయుడని కోరిరి. ఆయన వ్రాసి యిచ్చిన 60కి పైగా కీర్తనలు న్యూటన్ గారి వాటితో కలిసి 1779లో అచ్చుపడెను. వాటిలో కొన్నిటిని ఆంగ్ల సంఘములు నేటికిని పాడుచున్నవి.