అశ్వహృదయము

నలచరిత్ర చదివిన విద్యార్థులకు అశ్వహృదయమను మాట క్రొత్త కాదు. ఋతుపర్ణుని రథము నడపిన నలునికి గుఱ్ఱముల మనసు తెలియుననియు, ఆ విద్యను ఆ రాజునకిచ్చి అక్షహృదయమును గ్రహించెననియు భారతకథ చెప్పుచున్నది. గుఱ్ఱమును కొరడాతో తోలుట యొకటి, దాని మనసెరిగి నడపుట మరియొకటి. గోదావరి మండలమున పండ్రెండేండ్ల ప్రాయమున గుఱ్ఱపుస్వారి నేర్చి, పిమ్మట అశ్వశాస్త్రమును శ్రద్ధతో అభ్యసించిన బాలుడొకడు మన్యవీరుడై చరిత్రకెక్కెను. అతడే అల్లూరి సీతారామరాజు.

రామరాజు 1897 జూలై 4వ తేదీన విశాఖ మండలమునందలి పాండ్రంగిలో మాతామహుల యింట జన్మించెను. తండ్రి వెంకటరామరాజు స్వస్థలము భీమవరము చెంతనున్న మోగల్లు. ఆయన ఛాయాచిత్రకారుడుగా రాజమహేంద్రవరమున కాపురముండెను. 1908లో గోదావరి పుష్కరముల వేళ కలరా సోకి ఆయన మరణించెను. నాటికి రామరాజు పదునొకండేండ్లవాడు. చెల్లెలు, తమ్ముడు అంతకంటె చిన్నవారు. తల్లి సూర్యనారాయణమ్మకు బిడ్డల పోషణము, చదువు భారమయ్యెను. పినతండ్రి రామకృష్ణంరాజు ఆ కుటుంబమునకు అండగా నిలిచెను.

1909లో వారి నివాసము భీమవరము దగ్గరి కొవ్వాడకు మారెను. రామరాజు భీమవరము మిషను ఉన్నత పాఠశాలలో మొదటి ఫారమున చేరి, ప్రతిదినము కొవ్వాడ నుండి నడచి పోయివచ్చుచుండెను. ఆ కాలముననే నర్సాపురము ప్రాంతమునందలి చించినాడలో ఒక మిత్రుని యింట అతడు గుఱ్ఱపుస్వారి నేర్చెను. చించినాడ వసిష్ఠ గోదావరి యొడ్డున నున్న గ్రామము. కొండ యన్నది కానరాని ఆ సమతల ప్రదేశమున కాలువగట్లు, కొబ్బరితోటలు, వరిచేలు తప్ప వేరొండు లేవు. అడవులలోను కొండలలోను తిరుగవలసిన వాని అశ్వవిద్యకు డెల్టాభూమి తొలిబడి యయ్యెను.

గుఱ్ఱము బలిష్ఠమైన జంతువేగాని స్వభావముచే బెదురుగలది. క్రూరమృగములకు ఆహారమగు జాతి కావున, పోరాడుటకంటె పారిపోవుటనే అది ముందు తలచును. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే చుట్టునున్న దానిని దాదాపు అంతయు చూడగలదు. నుదుటికి మిక్కిలి చేరువను, తోకకు సరిగా వెనుకను మాత్రము దానికి కానరాదు. కానరాని తావునుండి ఎవరైన చేయి చాచినచో ఉలికిపడి తన్నును. చూచువారు దానిని పొగరందురు గాని, అది వట్టి భయము. కావున స్వారి నేర్చు బాలుడు ఎక్కుటకు ముందు చూచుట నేర్వవలెను. మెల్లగా మాటాడుచు, దాని కంటబడునట్లు, ఎడమ భుజము ప్రక్కగా చేరవలెను. చెవులు ముందునకు నిక్కినచో అది దేనినో ఆలకించుచున్నదని గ్రహింపవలెను. వెనుకకు వంగి మెడనంటినచో కినిసియున్నదని తెలియవలెను. ముక్కుపుటములు అదరుట, తోక బిగియుట, మెడనరములు గట్టిపడుట, ఇవన్నియు దాని భాషయే.

ఎండుటాకు గలగలకు బెదరిన తట్టువను కొట్టినచో, ఆకు భయమునకు కొరడా భయము తోడగును. కొంత దూరమున నిలిపి, ఆ వస్తువును చూడనిచ్చి, మెడ నిమిరి, మరల అడుగు వేయించినచో జంకు క్రమముగా తీరును. కళ్లెము పట్టినంతనే ఆగెనా, వెంటనే పట్టు సడలింపవలెను. ఆ సడలింపే దానికి బహుమానము. మేనిపై ఈగ వాలినను ఎరుగు జంతువునకు రౌతు తొడల వణకు తెలియకపోదు. అతడు జంకినచో అదియు జంకును. అందుచే తన భయమును తాను అణచుకొనుటయే స్వారిలో మొదటి పాఠము. తండ్రి పోయిన మరుసటి యేట రామరాజు చదివిన చదువులలో ఇదియొకటి.

ఆ యేడు బడి పరీక్షలో అతడు తప్పెను. దిక్కులేని యింట పెద్దకొడుకు తప్పుట సామాన్యమైన కష్టము కాదు. ఒక యేడాది చదువు, ఒక యేడాది ఖర్చు వృథాయైనట్లే. అయినను చదువు ఆగలేదు. రాజమహేంద్రవరమునను, రామచంద్రపురమునను తరగతులు గడచి, 1912లో అతడు కాకినాడ పిఠాపురము రాజావారి ఉన్నత పాఠశాలలో మూడవ ఫారమున చేరెను. తరువాత స్వాతంత్ర్యసమరయోధుడైన మద్దూరి అన్నపూర్ణయ్య అచ్చట అతని సహాధ్యాయి.

పాఠశాల చదువు పూర్తిగాక పోయినను జ్ఞానతృష్ణ తీరలేదు. 1916లో ఉత్తరదేశయాత్ర కేగెను. గృహవైద్యము, గజశాస్త్రము మున్నగు వానితోపాటు అశ్వశాస్త్రమును గూడ పరిశీలించి, తెలిసిన సంగతులను వ్రాసి భద్రపరచుకొనెను. శాలిహోత్రుని పేర మన దేశమున పూర్వము నుండి వెలసిన శాస్త్రమిది. చించినాడలో చేతులతో నేర్చిన విద్యకు అక్షరరూపము గల తోడు దొరికినట్లయ్యెను.

మన్యమున అటవీచట్టములు పోడు సేద్యమును అడ్డగించెను. రోడ్డుపనులలో గిరిజనుల చేత వెట్టి చేయించుచుండిరి. రామరాజు వారి పక్షమున నిలిచెను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి చేసి ఆయుధములు గైకొనెను. ప్రభుత్వము మలబారు పోలీసులను, పిదప అస్సాం రైఫిల్స్ దళమును దింపినను దాదాపు రెండేండ్లు పోరు సాగెను. 1924 మే 7న పట్టువడిన రామరాజును కొయ్యూరులో చెట్టునకు కట్టి కాల్చిరి. అప్పటి కతనికి ఇరువదియేడేండ్లయినను నిండలేదు.

అతని 125వ జయంతి సందర్భమున, 2022 జూలై 4న, భీమవరములో 30 అడుగుల కంచువిగ్రహము ఆవిష్కరింపబడెను. కొవ్వాడ నుండి నడచివచ్చి, చదివి, ఒక యేడు పరీక్ష తప్పిన బాలుని విగ్రహమే అది. ఆ యేటి ప్రశ్నపత్రములలో గుఱ్ఱమును గూర్చిన ప్రశ్న యుండియుండదు.