పచ్చయప్ప మొదలియారు: దేవుని సొమ్ముతో వెలసిన విద్యాలయము

సాందీపని మహర్షి ఆశ్రమములో శ్రీకృష్ణ భగవానునితో కలసి కుచేలుడు విద్య నభ్యసించిన వృత్తాంతము భక్తులందరకు సుపరిచితమే. యదుకుల ప్రభువునకును, నిరుపేద విప్రబాలకునకును అచట గురువు ఒక్కడే, పాఠము ఒక్కటే. లేమి విద్యకు అడ్డు కారాదను ఆ ధర్మము మన కాలమునకు సమీపమున ఒక మహనీయుని ధనము ద్వారా మదరాసు నగరములో ఫలించినది. ఆయన పచ్చయప్ప మొదలియారు.

పచ్చయప్ప 1754వ సంవత్సరములో జన్మించినారు. శిశువు లోకమును చూడకమునుపే తండ్రి విశ్వనాథ మొదలియారు కాలధర్మము చెందినారు. ఆధారము కోల్పోయిన ఆ తల్లి బిడ్డలతో పరుల ఆశ్రయమున దినములు గడపవలసి వచ్చినది. అట్టి సమయమున మదరాసులో ద్విభాషిగా ఉన్న నారాయణ పిళ్లైగారు ఆ కుటుంబమును ఆదరించినారు. ఆంగ్ల వర్తకులకును, దేశీయులకును నడుమ మాటను, లావాదేవీలను నడపు ఉద్యోగియే నాటి ద్విభాషి. పిళ్లైగారు ఆ బాలునకు అన్నము పెట్టుటతో తృప్తి చెందక, ఆంగ్లమును, లెక్కలను, వర్తక వ్యవహారములను నేర్పించినారు. ఆ ఒక్క విద్యాదానమే తరువాతి చరిత్ర కంతటికిని బీజమైనది.

యౌవనము రాకమునుపే పచ్చయప్ప వ్యాపారమున నైపుణ్యము గడించి, తామును ద్విభాషియై, తంజావూరు సంస్థాన వ్యవహారములలో సైతము పాల్గొని విశేష ధనము నార్జించినారు. సంపద పెరిగినను ఆచారము సడలలేదు. మదరాసులోని కోమలేశ్వరన్‌పేటలో నివసించుచు, నాడు నిర్మలముగా ప్రవహించిన కూవము నదిలో స్నానము చేసి దేవుని సేవించుకొనెడివారు. 1794లో, నలుబది యేండ్ల ప్రాయముననే, కావేరీ తీరమందలి తిరువయ్యారులో దేహము చాలించినారు. అంతకు కొలది దినముల ముందు వీలునామా వ్రాయించి, తమ ధనములో అధిక భాగమును దేవాలయ కైంకర్యములకును, అన్నదానాది ధర్మములకును సమర్పించినారు.

అయితే దాత కన్ను మూసిన పిమ్మట ఆ ధర్మము దారి తప్పినది. వారసుల తగవులు, నిర్వాహకుల అశ్రద్ధ కారణముగా కైంకర్యములు కుంటువడి, వ్యవహారము న్యాయస్థానమున దశాబ్దముల పాటు నలిగినది. తుదకు న్యాయస్థానము ఆ నిధిని కాపాడినది. అప్పటి అడ్వకేట్ జనరల్ జార్జి నార్టన్ ఇందుకై మిక్కిలి శ్రమించినారు. దాత కోరిన కైంకర్యములకు వలసిన మూలధనమును వేరుచేసి భద్రపరచిన తరువాత కూడ, పేరుకొనిన వడ్డీ రూపమున లక్షలాది రూపాయలు మిగిలినవి.

ఆ మిగులును ఏమి చేయవలెను? ఆలయములకు ధర్మకర్తలైన వారందరును ఆలోచింపదగిన ప్రశ్న ఇది. స్వామికి నివేదించిన ద్రవ్యమును అన్యకార్యములకు మళ్ళించుట దోషమని పెద్దల మాట. ఇచట దేవుని భాగమునుండి కాసైనను తగ్గింపలేదు. నిత్య కైంకర్యములు యథావిధిగా సాగుటకు ఏర్పాటు జరిగిన మీదటనే మిగులు ధనము పేద బాలుర చదువునకు వినియోగమైనది. నివేదన జరిగిన పిదప ప్రసాదమును ఆకలిగొన్నవారికి పంచినట్లే ఇదియును.

ఆ విధముగా 1842 జనవరిలో మదరాసు బ్రాడ్వే వీధిలో పచ్చయప్ప పాఠశాల ప్రారంభమైనది. జీతము చెల్లింపలేని హిందూ బాలురకు ఆంగ్లముతోపాటు తమిళ తెలుగు భాషలను ఉచితముగా నేర్పుట దాని ఆశయము. ప్రభుత్వము గాని, క్రైస్తవ మిషనరీలు గాని కాక, ఒక హిందూ దాత ధర్మనిధి నడపిన విద్యాలయమగుటచే అది నాటి ప్రజలకు ఆత్మవిశ్వాసమును కలిగించినది. 1850లో విశాలమైన పచ్చయప్ప మందిరము వెలసినది. పాఠశాల కళాశాలగా ఎదిగి, 1940లో చేట్‌పట్టునకు తరలినది. వరదరాజస్వామి కొలువైన కాంచీపురములో సైతము పచ్చయప్ప పేర విద్యాలయము వెలసినది. 1947 వరకు హిందువులకే పరిమితమైన కళాశాల తలుపులు అటుపై ఎల్లరకును తెరువబడినవి.

నామక్కల్ నామగిరి తాయారు భక్తుడైన గణిత మేధావి శ్రీనివాస రామానుజన్, కుంభకోణములో ఉపకారవేతనము కోల్పోయిన తరువాత, 1906లో చదువుకొనుటకు వచ్చినది ఈ కళాశాలకే. తండ్రిలేని బిడ్డగా పెరిగిన పచ్చయప్ప ఈ విద్యార్థుల నెవ్వరిని కన్నులార చూడలేదు. వారి ముఖములు చూడకయే వారికి తోడైనారు.

యాత్రకు వచ్చు భక్తులారా! హుండీలో కానుక సమర్పించి ఇంటికి మరలిన పిమ్మట, మన వీధిలో జీతము కట్టలేక, పుస్తకములు కొనలేక బడి మానిన పసివాడు ఎవరైనను కలడేమో విచారింతము. ఒక నారాయణ పిళ్లై ఆదరించిన ఒక్క బాలుని వలన వేలాది గృహములలో విద్యాదీపము వెలిగినది. మన ఇంటి ముంగిట నిలిచిన కుచేలుడు ఎవ్వడో, వాని చదువు రేపు ఎందరిని తరింపజేయునో ఆ శ్రీమన్నారాయణునికే ఎరుక.