చిత్రకారుడు హిరోషిగే

తెనాలి నుండి రేపల్లె మీదుగా నిజాంపట్నం తీరానికి పోయేవారికి, బాపట్ల చెంత సూర్యలంక ఇసుకతిన్నెలపై నిలిచేవారికి ఆకాశంలో వలయాలు చుట్టే గద్దలు సుపరిచితాలు. అటువంటి సముద్రతీరంపై ఎగిరే గద్దను చిత్రించి చిరకీర్తి నార్జించిన జపాను కళాకారుడు ఉతగావా హిరోషిగే.

హిరోషిగే 1797లో ఎడో నగరంలో జన్మించాడు. నేటి టోక్యోయే నాటి ఎడో. కొయ్య ఇళ్ళతో కిక్కిరిసిన ఆ నగరానికి అగ్నిభయం అధికం. అగ్నిమాపక దళంలో అధికారి పదవి ఆయన వంశానికి పారంపర్యంగా సంక్రమించింది. 1809లో తల్లిదండ్రు లిరువురూ మరణించగా ఆ భారం బాల్యంలోనే ఆయనపై పడింది. అయినను చిత్రకళపై మక్కువ వీడక, 1811 ప్రాంతంలో తొయోహిరో అనే గురువును ఆశ్రయించాడు. 1832లో పదవిని వారసునికి అప్పగించి కళకే అంకితమయ్యాడు. ఎడో నుండి క్యోటోకు పోయే తొకైదో రహదారి మజిలీలను చూపే 55 చిత్రాలు ఆయనకు దేశమంతటా పేరు తెచ్చాయి.

ఈ చిత్రాలు ఒక్కచేతి పని కావు. చిత్రకారుడు పలుచని కాగితంపై గీసిన బొమ్మను కొయ్యపలకపై బోర్లించి అతికిస్తారు. శిల్పి గీతలను మాత్రం నిలిపి తక్కిన కొయ్యను చెక్కివేస్తాడు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలక సిద్ధమవుతుంది. అద్దకపు పనివాడు వాటిని వరుసగా ఒకే కాగితంపై అద్దుతాడు. ఒకే చిత్రానికి అనేక ప్రతులు రావడంతో కళ సామాన్యుని ఇంటికీ చేరింది.

1855లో సంభవించిన భూకంపం ఎడోను అతలాకుతలం చేసింది. మరుసటి ఏట హిరోషిగే బౌద్ధ సన్న్యాసం స్వీకరించాడు. ఆ ఏడే తన నగర దృశ్యాలను చిత్రించ నారంభించి, వందకు పైగా చిత్రాలను రచించాడు. వాటిలో 1857 నాటి సుసాకి తీర దృశ్యం సుప్రసిద్ధం. పైభాగమంతా నిండిన గద్ద రెక్కలు చాచి క్రిందికి చూస్తుంది. క్రింద మంచు కప్పిన చిత్తడినేల, దూరాన త్సుకుబా పర్వతం, నీటిలో తేలే ఒక కొయ్యతొట్టి. మానవుని జాడ లేదు. 1791లో వచ్చిన ఉప్పెన సుసాకిలోని ఇళ్ళను తుడిచిపెట్టగా, ప్రభుత్వం అక్కడ కొంతమేర నివాసాలను నిషేధించింది. 1977 నవంబరు నాటి ఉప్పెన నెరిగిన కృష్ణాతీర వాసులకు ఆ శూన్యత అర్థం విడమరచి చెప్పనక్కరలేదు.

1858లో ఎడోలో కలరా ప్రబలిన రోజులలో హిరోషిగే కన్నుమూశాడు. 1887లో వాన్ గో ఆయన నగర దృశ్యాలలో రెండింటిని తైలవర్ణాలలో అనుకరించాడు. నిప్పు నుండి నగరాన్ని కాపాడే వంశంలో పుట్టిన హిరోషిగే, కాలం చెరిపివేసిన ఆ నగరాన్ని కాగితంపై కాపాడి లోకానికి అందించాడు.