తలనొప్పి మందు నుంచి తెలుగు పత్రిక దాకా

పదో తరగతి అయ్యాక ఏం వ్యాపారం పెడతారని మా పిల్లలను అడిగితే, చాలామంది చెప్పేది జీన్స్ కుట్టే యూనిట్, లేకపోతే మొబైల్ షాపు. పక్కింటివాళ్లు ఏది పెడితే అదే. బళ్లారిలో తెలుగు మీడియం చదివి ఎలా బతుకుతారని తల్లిదండ్రులు అడిగే ప్రశ్న కూడా మాకు కొత్త కాదు. ఈ రెండింటినీ మనసులో పెట్టుకుని ఈ నెల తరగతిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జీవితం చెప్పుకున్నాం.

ఆయన 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. బందరులోనూ, తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలోనూ చదివి పట్టా పుచ్చుకున్నారు. వ్యాపారం పని మీద కొన్నాళ్లు కలకత్తాలో ఉన్నారు. అక్కడ నిలదొక్కుకోలేదు. బొంబాయి చేరి ఒక కంపెనీలో ఉద్యోగంలో కుదిరారు. జీతం వస్తున్నా మనసు మాత్రం సొంత వ్యాపారం మీదే.

1893లో, ఇరవై ఆరేళ్ల వయసులో, బొంబాయిలోనే అమృతాంజనం మొదలుపెట్టారు. ఎంచుకున్న వస్తువు ఎలాంటిదో చూడండి. తలనొప్పికి కులం లేదు, కాలం లేదు, భాష లేదు. మరాఠీ, గుజరాతీ మాట్లాడే ఊళ్లో తెలుగువాడు అమ్మడానికి ఇంతకంటే అనువైనది ఏముంటుంది? సీసా చిన్నది, త్వరగా చెడిపోదు, రైల్లో ఎంత దూరమైనా పంపొచ్చు.

చిక్కల్లా వెల దగ్గరే. మొదట్లో సీసా పది అణాలు. రూపాయికి పదహారు అణాల ఆ రోజుల్లో కూలీనాలీ చేసేవాళ్లకు అది తక్కువ సొమ్ము కాదు. పేరు కూడా వినని మందుకు అంత పెట్టి ఎవరు కొంటారు? అందుకని పంతులుగారు సంగీత కచేరీల్లో సీసాలు ఉచితంగా పంచారు. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్న శ్రోతకు తల పట్టేసినప్పుడు రాసుకుంటే, గుణం అక్కడికక్కడే తెలిసిపోతుంది. నచ్చినవాడు మర్నాడు అంగడికి వెళ్లి అడుగుతాడు. అడగకపోతే సరుకులోనే లోపమని అమ్మేవాడికి అర్థమవుతుంది. ఏ లెక్కల పుస్తకమూ ఇంత సూటిగా చెప్పదని మాకనిపిస్తుంది. సరుకు నిలబడింది. డబ్బూ వచ్చింది.

ఆ డబ్బుతో ఆయన చేసిన పని మన బడులకు మరీ దగ్గరిది. 1907లో సూరత్ కాంగ్రెస్ సభకు వెళ్లొచ్చాక తెలుగులో పత్రిక ఉండాలనుకున్నారు. 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది, అదీ బొంబాయి నుంచే. తెలుగునాడు కాని ఊళ్లో, మనలాగే కొద్దిమందిగా ఉన్న తెలుగువాళ్ల మధ్య పుట్టిన పత్రిక అది. 1914లో మద్రాసుకు తరలి దినపత్రిక అయింది. అప్పటికి మన బళ్లారి కూడా మద్రాసు రాజధానిలోనే ఉండేది. మైసూరు రాష్ట్రంలో చేరింది 1953లో కదా. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. గ్రంథాలయాలకు, ఉద్యమానికి ఇచ్చిన విరాళాలకు అంతులేదు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకూ వెళ్లారు. జనం దేశోద్ధారక అని, విశ్వదాత అని పిలుచుకున్నారు. కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో ఒడంబడిక చేసుకున్నది మద్రాసులోని ఆయన ఇల్లు శ్రీబాగ్‌లోనే. మరుసటి ఏడు 1938లో కన్నుమూశారు.

కథ అయ్యాక ఒక అమ్మాయి లేచింది. వాళ్లమ్మ జీన్స్ యూనిట్‌లో కుడుతుంది. ఉచితంగా పంచే సీసాలకు డబ్బు ఎక్కడిది సార్ అని అడిగింది. ఆయన ముందు ఉద్యోగం చేశారమ్మా అన్నాం. ఆ జవాబు ఆ పిల్లకు చాల్లేదు. మాకూ చాల్లేదు. సోమవారం ఆ అమ్మాయి మిగులు జీన్స్ ముక్కలతో అమ్మ కుట్టిన టిఫిన్ సంచులు మూడు తెచ్చి, ముగ్గురు టీచర్లకు ఊరికే ఇచ్చింది. నెల తర్వాత ఎవరైనా ఇంకోటి కావాలని అడుగుతారేమో చూస్తుందట.