కెర్నల్ తాళానికి బాట వేసిన ఎడ్జర్ డైక్‌స్ట్రా

ఛత్తీస్‌గఢ్‌లోని ఉసూర్‌లో ఒకరి చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌కైనా, హైదరాబాద్‌లోని లినక్స్ సర్వర్‌కైనా ఆధారం ఒక్కటే: లినక్స్ కెర్నల్. ఒకేసారి నడిచే ప్రోగ్రాములు ఒకే సమాచారాన్ని చెడగొట్టకుండా అది లాక్ అనే తాళాన్ని వాడుతుంది. ఈ విధానానికి శాస్త్రీయ పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఎడ్జర్ డైక్‌స్ట్రా.

ఆయన 1930 మే 11న రోటర్‌డామ్‌లో జన్మించారు. తండ్రి రసాయన శాస్త్రవేత్త, తల్లి గణితజ్ఞురాలు. లైడెన్‌లో చదువుతూనే 1952లో ఆమ్‌స్టర్‌డామ్ గణిత కేంద్రంలో ప్రోగ్రామర్‌గా చేరారు. 1957లో తన వివాహ నమోదు పత్రంలో వృత్తిని ప్రోగ్రామర్‌గా పేర్కొనగా, అటువంటి వృత్తి లేదంటూ అధికారులు తిరస్కరించారు. రెండు స్థలాల మధ్య అతి దగ్గరి దారిని కనుగొనే ఆయన పద్ధతి 1959లో వెలువడింది.

1962లో ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యాక డైక్‌స్ట్రా సెమాఫోర్‌ను రూపొందించారు. ఒంటి పట్టాల మార్గంలో ఒక రైలు దాటేవరకు మరొకదానిని ఆపే సిగ్నల్ వంటిదే ఇది. 1968లో ఆయన ప్రకటించిన 'టీహెచ్‌ఈ' వ్యవస్థ అంతస్తులుగా నిర్మితమైంది. ప్రాసెసర్ పంపిణీ అట్టడుగున, వినియోగదారుల ప్రోగ్రాములు పైన ఉండేవి. కింది అంతస్తు పైదానిపై ఆధారపడదు.

అయితే సెమాఫోర్ పరస్పరం సహకరించే ప్రోగ్రాముల కోసం పుట్టింది. తాళం తీసుకున్న ప్రోగ్రాము దానిని తిరిగి వదులుతుందన్న నమ్మకమే దానికి ఆధారం. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాములను నడిపే నేటి కెర్నల్‌కు ఆ నమ్మకం చాలదు. అందుకే అది తన తాళాలను ప్రోగ్రాములకు అందని సొంత మెమరీలో దాచుకుంటుంది. ప్రోగ్రాము పంపిన చిరునామాలను, సంఖ్యలను పరిశీలించాకే వాడుతుంది. తన తాళాన్ని వదిలిన తర్వాతే అదుపును తిరిగి ప్రోగ్రాముకు అప్పగిస్తుంది.

ఈ జాగ్రత్తలో చిన్న పొరపాటు దొర్లినా ముప్పే. లినక్స్‌లోని ఫ్యూటెక్స్ తాళాన్ని ప్రోగ్రాము, కెర్నల్ కలిసి నిర్వహిస్తాయి. అందులో 2014లో బయటపడిన లోపం వల్ల సాధారణ ప్రోగ్రాము సైతం కెర్నల్ స్థాయి అధికారాన్ని చేజిక్కించుకోగలిగింది. అనేక ఆండ్రాయిడ్ ఫోన్ల రక్షణను ఛేదించేందుకు దానిని వాడుకున్నారు.

పరీక్షించి చూసి సంతృప్తి పడరాదని, ప్రోగ్రాము సరైనదని గణితపరంగా నిరూపించాలని డైక్‌స్ట్రా జీవితాంతం వాదించారు. 1972లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. 1984 నుంచి 1999 వరకు అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో బోధించారు. చాలావరకు కలంతోనే రాసిన 1,300కు పైగా వ్యాసాలను మిత్రులకు, సహచరులకు పంచారు.

క్యాన్సర్‌తో 2002 ఆగస్టు 6న స్వదేశంలోని న్యూనెన్‌లో కన్నుమూశారు. ఒకప్పుడు ప్రభుత్వ పత్రంలో చోటు దక్కని ఆయన వృత్తి నేడు లక్షలాది తెలుగువారికి జీవనాధారం. ఆయన కోరిన నిరూపణ మాత్రం ఇప్పటికీ అత్యధిక ప్రోగ్రాములకు కొరవడే ఉంది.