ఎడారిలో సిపాయి, ఎడారిలో గురువు

2022 మే 15న పోపు ఫ్రాన్సిస్ గారు మన కన్యాకుమారి ప్రాంతానికి చెందిన దేవసహాయం పిళ్ళై గారిని పునీతునిగా ప్రకటించిన సంగతి మీకు తెలుసు. అదే పూజలో పునీతుడైన మరొకరు ఫ్రెంచి గురువు చార్లెస్ ద ఫుకో. యౌవనంలో ఈయన దేవుణ్ణే నమ్మని సైనికాధికారి అంటే ఆశ్చర్యపోతారు.

1858లో స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టాడు. ఆరేళ్ళు నిండకముందే తల్లీ తండ్రీ పోయారు. సైన్యంలో కర్నలుగా పనిచేసిన తాతగారు పెంచారు. పదహారేళ్ళకల్లా విశ్వాసం పోయింది. తాతగారి ఆస్తి చేతికి రాగానే విందులకూ విలాసాలకూ తగలేశాడు. సోమూర్ అశ్వదళ పాఠశాలలో 87 మందిలో 87వ వాడిగా బయటపడ్డాడు!

1880లో అతని దళాన్ని ఫ్రాన్సు ఏలుబడిలో ఉన్న అల్జీరియాకు పంపారు. పెళ్ళాడని ఒక స్త్రీని భార్యనని చెప్పించి వెంట తీసుకువెళ్ళాడు. గుట్టు బయటపడింది. ఆమెను పంపివేయమని పై అధికారులు ఆజ్ఞాపిస్తే ససేమిరా అన్నాడు. 1881లో కొలువు నుండి తప్పించారు. ఫ్రాన్సుకు వచ్చి హాయిగా కూర్చున్నాడు.

అంతటితో అతని కథ ముగిసిపోవలసిందే. కానీ కొద్ది నెలలకే, దక్షిణ ఒరాన్ ప్రాంతంలో బువామామా అనే మతపెద్ద నాయకత్వాన తెగలు తిరగబడ్డాయనీ, తన తోటివారు యుద్ధానికి వెళ్తున్నారనీ విన్నాడు. ఇక కూర్చోలేకపోయాడు. అవసరమైతే మామూలు సిపాయిగానైనా వెళ్తానని అర్జీ పెట్టుకున్నాడు. ఆ స్త్రీని వదిలి బయలుదేరాడు. భక్తి వల్ల కాదు సుమా! స్నేహితులు ప్రమాదంలో ఉండగా తాను సుఖంగా ఉండలేకపోయాడు, అంతే.

మండే ఎండ, ఇసుక గాలి, దాహం. పట్టుపరుపులకు అలవాటుపడినవాడు నేలమీద పడుకున్నాడు. కష్టాలను నవ్వుతూ భరించాడు, తన కింది సిపాయిల బాగోగులు చూసుకున్నాడు. అక్కడ స్నేహితుడైన లాపెరిన్ అనే అధికారి, ఆ విలాసపురుషుడిలో నిజమైన సైనికుణ్ణి చూశానని తరువాత రాశాడు. ఆ యుద్ధం న్యాయమైనదని మాత్రం మనం అనుకోనక్కరలేదు. పరాయి పాలన చూసిన దేశం మనది. ఆ తెగలవారు తమ నేల కోసమే పోరాడారు. ఫ్రాన్సు పాలన మేలు చేస్తుందన్న నమ్మకం ఫుకోను చివరిదాకా వదలలేదు. పునీతులు కూడా తమ కాలపు మనుషులే కదా!

1882లో రాజీనామా చేసి, యూదు మతగురువు వేషంలో మొరాకో అంతా తిరిగాడు. ప్రతి పూటా వంగి ప్రార్థించే ముస్లిములను చూస్తే, తాను పోగొట్టుకున్నది గుర్తొచ్చింది. 1886 అక్టోబరులో పారిస్‌లోని సెయింట్ అగస్టీన్ దేవాలయంలో ఉవెలాన్ గురువుగారి దగ్గరకు వెళ్ళాడు. వెళ్ళింది మతం గురించి నేర్చుకుందామని. గురువుగారు ముందు మోకరించి పాపసంకీర్తనం చేయమన్నారు. చేశాడు.

తరువాత మఠవాసం, నజరేతులో కన్యస్త్రీల మఠంలో పనివాడిగా సేవ, 1901లో గురుపట్టాభిషేకం. మళ్ళీ ఏ దేశం వెళ్ళారనుకుంటున్నారు? అల్జీరియాకే! ఈసారి తుపాకీ లేదు. బెని అబ్బెస్‌లో బానిసలను కొని విడిపించారు. 1905లో లాపెరిన్ ప్రోత్సాహంతో తమన్‌రసెత్ చేరి, తువారెగ్ ప్రజల మధ్య నివసిస్తూ వారి భాషకు గొప్ప నిఘంటువు తయారుచేశారు. 1908లో కరువు రోజుల్లో ఆయన మంచాన పడితే, ఆ బీదలు వెతికి వెతికి మేకపాలు తెచ్చి బ్రతికించారు. ఇవ్వడానికి వచ్చినవాడు పుచ్చుకోవడం నేర్చుకున్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధం ఎడారిదాకా పాకింది. ఊరివారు తలదాచుకోవడానికి ఆయన చిన్న కోట కట్టించారు. అందులో తుపాకులు కూడా ఉంచారు. 1916 డిసెంబరు 1న దోపిడీ దళం ఆయనను బయటకు లాగి కట్టేసింది. ఇంతలో ఒంటెల మీద ఇద్దరు సిపాయిలు రావడం చూసి, కాపలా ఉన్న కుర్రవాడు బెదిరిపోయి కాల్చేశాడు. అప్పటికి ఆయన వెంట ఒక్క శిష్యుడూ లేడు.

కొన్ని వారాల తరువాత ఒక ఫ్రెంచి అధికారి అక్కడికి వచ్చాడు. ఆరాధన పాత్ర ఇసుకలో పడి ఉంది. అందులో దివ్యసత్ప్రసాదం అలాగే ఉంది.