తలుపు తట్టి రాసిన లెక్క

సర్వే అంటే మనకి ఒక గూగుల్ ఫారం, నింపడానికి పదిమంది ఫ్రెండ్స్, రిపోర్టులో ఒక పై చార్ట్. డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ సర్వే గురించి తెలిస్తే ఆ పై చార్ట్ చూసి కాస్త సిగ్గేస్తుంది.

1868లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టారాయన. 1895లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ అందుకున్న తొలి నల్లజాతీయుడు. మరుసటి ఏడాదే పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆయన్ని ఫిలడెల్ఫియాకి పిలిచింది. ఏడో వార్డులోని నల్లవాళ్ల బతుకుని స్టడీ చెయ్యాలి. పేరుకి అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్, కానీ క్లాసు చెప్పనివ్వలేదు. ఊళ్లో చెడుకి నల్లవాళ్లే కారణమని చాలామంది పెద్దమనుషులు అప్పటికే తేల్చేసుకున్నారు. కావలసిందల్లా దానికి లెక్కలు.

కొత్తగా పెళ్లయిన డుబాయిస్ భార్య నీనాతో ఆ వార్డులోనే ఒక గదిలో కాపురం పెట్టారు. ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఒక్కరే ఇంటింటికీ తిరిగారు. ఇంట్లో ఎంతమంది, ఎక్కడ పుట్టారు, ఏం పని, అద్దె ఎంత, చదువొచ్చా? తమని పరీక్షకి పెడుతున్నాడని అనుమానపడ్డవాళ్లూ ఉన్నారు. అయినా వేలమందితో మాట్లాడి, వార్డు మ్యాప్‌లో ఇంటింటి స్థితికీ ఒక రంగు వేశారు.

1899లో పుస్తకం వచ్చింది. పనితనం ఉన్నా ఉద్యోగం రాదు, యూనియన్లు చేర్చుకోవు, ఇరుకు గదికి ఎక్కువ అద్దె. నేరం, పేదరికం జాతి లక్షణాలు కావని, చరిత్ర, వివక్ష కలిసి తెచ్చిన ఫలితాలని ఆయన తేల్చారు. అడుగున ఉన్న పేదల నడవడిక మీద మాత్రం ఆయన తీర్పు కొన్నిచోట్ల కటువుగానే ఉంటుంది.

అప్పటికి ఆయన అట్లాంటాలో ప్రొఫెసర్. అదే ఏడాది జార్జియాలో సామ్ హోస్ అనే నల్లజాతి కూలీని గుంపు హింసించి చంపేసింది. దాని మీద పత్రికకి రాసిన ఉత్తరం పట్టుకుని వెళ్తుండగా, హోస్ వేళ్ల ఎముకలు ఒక కొట్లో ప్రదర్శనకి పెట్టారని తెలిసింది. ఆయన వెనక్కి తిరిగి వచ్చేశారు. మనుషుల్ని అలా చంపుతుంటే గదిలో కూర్చుని లెక్కలు వేస్తే చాలదని అర్థమైంది.

అలాగని లెక్కలు వదల్లేదు. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌కి విద్యార్థులతో కలిసి చేత్తో గీసిన రంగుల చార్టులు పంపారు. 1909లో ఎన్.ఎ.ఎ.సి.పి. స్థాపకుల్లో ఒకరయ్యారు.

1963 ఆగస్టు 27న ఘనాలో కన్నుమూశారు. మర్నాడే వాషింగ్టన్‌లో హక్కుల కోసం రెండు లక్షలమందికి పైగా కదిలారు. ఆ నడక, ఒక రకంగా, ఏడో వార్డు మెట్ల మీదే మొదలైంది.